కొండ కౌంటీలో తాతముత్తాతల కాగితాలు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రానికి పశ్చిమాన, అపలాచియన్ కొండల్లో ఉంది వటాగా కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. దాని ముఖ్య పట్టణం బూన్. ఈ ప్రాంతంలో మూలాలున్న కుటుంబాలకు పాత రికార్డులు వెతికిపెట్టడం నా పని. ఈ మధ్య మన తెలుగువాళ్లూ అడుగుతున్నారు. భార్యదో భర్తదో ఇటువైపు కుటుంబం అయితే, పిల్లలకు రెండు వైపుల పెద్దల పేర్లూ తెలియాలని వాళ్ల కోరిక. ఎవరు వచ్చినా దాదాపు ఇవే మాటలు అంటారు.

అపోహ: కోర్టు కాలిపోయింది, ఇక ఏమీ దొరకదు

1873లో బూన్ కోర్టు భవనం కాలిపోయిన మాట నిజమే. భూముల పుస్తకాలు పోయాయి. కానీ ప్రభుత్వం ఇచ్చిన భూమి పట్టాల రికార్డు రాష్ట్ర రాజధాని రాలీలో ఉంది. జనాభా లెక్కలు, ఫెడరల్ సైన్యంలో పనిచేసినవాళ్ల పెన్షన్ ఫైళ్లు ఫెడరల్ ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. పైగా ఇలా కాలిపోయిన కౌంటీల్లో, ఇంట్లో దస్తావేజు దాచుకున్నవాళ్లు దాన్ని తెచ్చి మళ్లీ నమోదు చేయించుకోవడం మామూలే. కాబట్టి నమోదు తేదీ చూసి పేజీ తిప్పేయకండి. లోపల అమ్మకం జరిగిన తేదీ, హద్దుగా చెప్పిన వాగు, పక్క పొలం ఆసామి పేరు చదవండి. ఆ ఆసామి చాలాసార్లు వియ్యంకుడో బావమరిదో అవుతాడు.

నన్ను నిజంగా బాధపెట్టే నష్టం 1890 జనాభా లెక్కలది. 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో దెబ్బతిని, దేశం మొత్తానికీ అవి దాదాపుగా లేకుండా పోయాయి. 1881లో పుట్టి 1899లో పెళ్లయిన ఆడపిల్ల పుట్టింట్లో ఏ లెక్కలోనూ కనపడదు. 1900 లెక్కల్ని అందుకే ఓపిగ్గా చదవాలి. ప్రతి మనిషీ పుట్టిన నెల, సంవత్సరం, తల్లికి ఎంతమంది పుట్టారు, ఎంతమంది మిగిలారు అన్నీ అందులో రాశారు. ఏడుగురు పుట్టి ఐదుగురు ఉన్నారంటే, మిగతా ఇద్దరి కోసం దగ్గర్లోని శ్మశానాలు చూడాలి.

అపోహ: మావాళ్లు మాటిమాటికీ కౌంటీ మారారు

చాలావరకు మారింది మనుషులు కాదు, హద్దులు. బూన్ ప్రాంతం మొదట్లో విల్క్స్ కౌంటీలో ఉండేది. 1799లో యాష్‌లోకి, 1849లో వటాగాలోకి వచ్చింది. 1911లో వటాగా నుంచి ఒక ముక్క కొత్త ఏవరీ కౌంటీలో కలిసింది. 2022లో ఆంధ్రలో జిల్లాలు విడిపోయాక ఒకే ఇంటి కాగితాల మీద రెండు జిల్లాల పేర్లు ఉన్నట్టే ఇదీ. అలా ఒకే ఇంట్లో తండ్రి పెళ్లి యాష్ రికార్డుల్లో, కొడుకు పెళ్లి వటాగా రికార్డుల్లో ఉండొచ్చు.

అపోహ: ముత్తాత బర్త్ సర్టిఫికెట్ ఎక్కడో ఉండే ఉంటుంది

రాష్ట్రంలో జనన మరణాల నమోదు 1913లో మొదలైంది. అంతకుముందు పుట్టినవాళ్లకు పెళ్లి రికార్డే దిక్కు. 1868 తర్వాతి పెళ్లి రిజిస్టర్లలో వధూవరుల తల్లిదండ్రుల పేర్లు కూడా దొరుకుతాయి.

అపోహ: కొండల్లో బానిసత్వం లేదు, నల్లజాతి కుటుంబాలకు కాగితాలూ లేవు

ఈ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. బానిసత్వం ఇక్కడా ఉంది. బూన్‌లోని జునలస్కా ఈ కొండల్లో పాత నల్లజాతి బస్తీ. 1850, 1860 బానిసల జాబితాల్లో యజమాని పేరు కింద వయసు, లింగం, రంగు మాత్రమే రాశారు, వాళ్ల పేర్లు రాయలేదు. కానీ యజమాని చనిపోతే ఆస్తి పంచుకోవడానికి పేర్లు అవసరమయ్యాయి. వీలునామాల్లో, ఆస్తి జాబితాల్లో తల్లి పేరు, పిల్లల పేర్లు పక్కపక్కనే దొరకవచ్చు. చదువుతుంటే మనసు కలచివేస్తుంది, అయినా చదవాలి. 1870 జనాభా లెక్కల్లో విముక్తులైనవాళ్లు తమ పేర్లతో కనిపిస్తారు. అక్కడి నుంచి వెనక్కి, పొరుగింటి తెల్ల కుటుంబాల ఆస్తి ఫైళ్లలోకి వెళ్లాలి.

అపోహ: అంతా ఆన్‌లైన్‌లో ఉంది

స్కాన్ చేసినవి చాలానే ఉన్నాయి. కానీ ఆస్తి పంపకాల ఫైళ్లకు ఉండే సూచికలో సాధారణంగా చనిపోయిన మనిషి పేరే ఉంటుంది. లోపలి పిటిషన్‌లో పెళ్లయిన కూతుళ్లు, వాళ్ల భర్తలు, వేరే రాష్ట్రానికి వెళ్లిపోయిన కొడుకు అందరూ ఉంటారు, సెర్చ్‌లో మాత్రం తగలరు. అందుకే మీ ముత్తాత పేరుతో ఆగకండి, ఆయన మామగారి పేరు, పెళ్లికాని మేనత్త పేరు కూడా వెతకండి. పిల్లలు లేని మేనత్త ఫైల్లో అన్నదమ్ముల పిల్లలంతా వారసులుగా వరుసగా కనిపిస్తారు. బూన్ వరకూ వస్తే అపలాచియన్ స్టేట్ యూనివర్సిటీ లైబ్రరీలో ఈ కొండ ప్రాంతపు పుస్తకాలు, కాగితాలు ఉండే యూరీ కలెక్షన్ తప్పకుండా చూడండి. వచ్చే ముందు ఫోన్ చేసి, ఏ పేరు, ఏ వాగు, ఏ సంవత్సరాల మధ్య అన్నది చెబితే చాలు.