రిపబ్లికన్లంతా యుద్ధం కోరేవాళ్లేనా? – మనవలకు ఉత్తరం

చిరంజీవులు చిన్నాకి, అమ్మలుకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో చిన్నా అడిగినదానికి పూర్తిగా జవాబు చెప్పే తీరిక దొరకలేదు. "తాతయ్యా, యుద్ధమంటే ముందుండేది రిపబ్లికన్లే కదా, మరి 2025లో ఇరాన్ మీద బాంబులు వెయ్యొద్దని గొడవ పెట్టినవాళ్లలో వాళ్ల మనుషులు అంతమంది ఎందుకున్నారు?" అన్నావు. మంచి ప్రశ్న. ఇంకొన్నేళ్లకి మీరిద్దరూ అక్కడ అమెరికాలో ఓటు వేస్తారు. ఏళ్ల తరబడి కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పినవాణ్ని, మీకు చెప్పకపోతే ఎవరికి చెప్తాను?

అమెరికాలో పాత పద్ధతులని, చిన్న ప్రభుత్వాన్ని కోరుకునే, ఎక్కువగా రిపబ్లికన్ పార్టీలో ఉండే కన్సర్వేటివ్‌లు అనిపించుకునేవాళ్లకి పన్నుల మీద, చర్చి మీద, తుపాకీ హక్కు మీద చిన్నా పెద్దా తేడాలున్నా ఒకళ్ల మాట ఒకళ్లకి అర్థమవుతుంది. పరాయి దేశానికి సైన్యాన్ని పంపాలా వద్దా అన్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒకే పార్టీవాళ్లు బద్ధశత్రువుల్లా కొట్లాడుకుంటారు. ఇది ట్రంప్‌తో పుట్టిన గొడవ కాదు. మీ ముత్తాతల కాలం నాటిది.

అప్పట్లో ఒహాయో నుంచి రాబర్ట్ టాఫ్ట్ అనే సెనెటర్ ఉండేవాడు. అధ్యక్షుడిగా చేసిన విలియం టాఫ్ట్ కొడుకు. జనం ఆయన్ని 'మిస్టర్ రిపబ్లికన్' అనేవాళ్లంటే పార్టీలో ఆయన స్థానమేమిటో ఊహించుకోండి. 1949 జులైలో నాటో సైనిక కూటమి ఒప్పందం సెనెట్ ముందుకొస్తే 82 మంది సరేనన్నారు, 13 మంది కాదన్నారు. ఆ 13 మందిలో టాఫ్ట్ ఒకడు. కమ్యూనిజం మీద ఆయనకి ప్రేమేమీ లేదు. ఐరోపాకి ఆయుధాలిస్తూ పోతే ఖర్చుకి అంతుండదని, రష్యాని ఇంకా రెచ్చగొట్టినట్టవుతుందని ఆయన భయం. మరుసటి ఏడాది అధ్యక్షుడు ట్రూమన్ కాంగ్రెస్‌ని (అక్కడి పార్లమెంటుని) అడక్కుండానే కొరియాకి సైన్యాన్ని పంపితే, ఆ అధికారం నీకెక్కడిదని నిలదీశాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమని మనవాళ్లు చెప్పినట్టే ఉంటుంది ఆయన వాదన.

జనరల్ ఐజన్‌హోవర్‌కి ఇది నచ్చలేదు. 1951లో నాటో సేనల అధిపతిగా ఐరోపాకి వెళ్లబోతూ టాఫ్ట్‌ని కలిసి మద్దతు అడిగాడు. టాఫ్ట్ మాటివ్వలేదు. 1952లో ఐజన్‌హోవర్ ఆయన మీదే పోటీకి దిగి అధ్యక్ష పదవికి పార్టీ నామినేషన్, ఆ తర్వాత ఎన్నికా గెలుచుకున్నాడు. అప్పట్నుంచి చాలాకాలం పార్టీ పగ్గాలు బయటి ప్రపంచంలో అమెరికా పాత్ర ఉండాలనేవాళ్ల చేతిలోనే ఉన్నాయి. అలాగని ఐజన్‌హోవర్ యుద్ధానికి ఉరకలేసే మనిషి కాదు. కొరియాలో కాల్పులు ఆపించాడు. 1954లో దియన్ బియన్ ఫూలో ఫ్రెంచివాళ్లు చిక్కుకుపోతే సైన్యాన్ని పంపలేదు. 1956లో సూయజ్ కాలువ కోసం బ్రిటన్, ఫ్రాన్స్ ఈజిప్టు మీద పడితే, సొంత మిత్రులనే వెనక్కి రప్పించాడు. సైన్యమూ ఆయుధ పరిశ్రమా కలిసి ప్రభుత్వాన్ని ఎటు లాక్కెళతాయో కనిపెట్టుకుని ఉండమని, పదవి దిగేముందు హెచ్చరించింది కూడా ఆయనే.

సోవియట్ భయం వీళ్లందరినీ ఒక గొడుగు కిందికి తెచ్చింది. దైవభక్తులకి నాస్తిక రాజ్యమంటే పడదు, వ్యాపారులకి ఆస్తుల జప్తంటే పడదు. కన్సర్వేటివ్‌ల గురువుల్లో ఒకడైన విలియం బక్లీ 1952లోనే ఒక చేదు నిజం రాశాడు: ఈ పోరాటం సాగినంతకాలం పెద్ద ప్రభుత్వాన్నీ, పెద్ద పన్నుల్నీ మనం భరించక తప్పదని. నాకు అసలు ముడి ఇక్కడే కనిపిస్తుంది. మన ఊళ్లో బడి నడపడానికే పనికిరాదనుకున్న ప్రభుత్వాన్ని, వేల మైళ్ల అవతలి దేశాన్ని సరిదిద్దడానికి నమ్మొచ్చా? ఈ ప్రశ్నకి ఒక్కో కన్సర్వేటివ్ ఒక్కో జవాబిచ్చాడు. చిన్నా, నువ్వు చూసిన గొడవంతా దాంట్లోంచి పుట్టిందే.

జవాబుల్లో ఒకటి అధ్యక్షుడు నిక్సన్‌ది, ఆయన సలహాదారు కిసింజర్‌ది. ఇలాంటివాళ్లని రియలిస్టులంటారు. అవతలి దేశంలో ఎవరు పాలిస్తున్నారు, ఎలా పాలిస్తున్నారు అన్నది మనకనవసరం, బలాబలాల లెక్క మనవైపు మొగ్గితే చాలు అంటారు. వినడానికి ఇది బాగా ఆచితూచి అడుగేసే పద్ధతిలా ఉంటుంది. దాని రెండో ముఖాన్ని విశాఖపట్నం చూసింది.

1971లో, ఇప్పటి బంగ్లాదేశ్ అయిన తూర్పు పాకిస్తాన్‌లో పాకిస్తాన్ సైనిక నియంత యాహ్యాఖాన్ సైన్యం జనాన్ని ఊచకోత కోస్తోంది. ఢాకాలో ఉన్న అమెరికా కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్, తన ప్రభుత్వం నోరు మెదపకపోవడం తప్పని ఏప్రిల్‌లోనే టెలిగ్రాం పంపాడు. ఆయన్ని అక్కడినుంచి తప్పించారు. కారణమేమిటంటే, చైనాతో చెలిమికి యాహ్యాఖానే మధ్యవర్తి. జులైలో కిసింజర్ రహస్యంగా బీజింగ్ వెళ్లింది పాకిస్తాన్ నుంచే. డిసెంబరులో యుద్ధమొచ్చింది. నేనప్పుడు హైస్కూలు కుర్రాణ్ని. చీకటి పడితే ఊరంతా దీపాలార్పేసేది. మా నాన్న కిటికీ అద్దాలకి నల్లకాగితం అంటించాడు. విక్రాంత్ నౌక కోసం వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన రేవు బయటే మునిగిపోయింది. బీచ్ రోడ్డులో మీరు చూసిన యుద్ధ స్మారకం ఆ విజయానిదే. ఆ తర్వాత కొన్ని రోజులకే నిక్సన్ పంపిన ఎంటర్‌ప్రైజ్ అనే అణు విమానవాహక నౌక బంగాళాఖాతంలోకి వచ్చింది. ప్రజాస్వామ్యమైన మన దేశాన్ని బెదిరించడానికి, నరమేధం చేస్తున్న నియంతకి అండగా! అందుకే రియలిస్టు అన్న మాట వినగానే అది వివేకమేనని నేను ఒప్పుకోలేను.

అమెరికా కన్సర్వేటివ్‌లలో చాలామందికి కూడా ఈ పద్ధతి మింగుడుపడలేదు, కారణం వేరు. వాళ్ల బాధ బెంగాలీల గురించి కాదు, రష్యాతో రాజీ గురించి. 1976లో రోనాల్డ్ రేగన్ సొంత పార్టీ అధ్యక్షుడు ఫోర్డ్ మీదే పోటీ చేసి, కిసింజర్ విధానాన్ని ఉతికి ఆరేశాడు. కొద్దిలో ఓడిపోయినా, విదేశాంగ విధానానికి నీతి ఉండాలన్న పేరాని ఆయన వర్గం పార్టీ ప్రణాళికలో చేర్పించింది.

ఇవాళ ఈ గొడవలో ఉన్న ప్రతివాడూ రేగన్ మావాడే అంటాడు. అందరికీ ఆధారాలు దొరుకుతాయి కూడా. అధ్యక్షుడయ్యాక 1983 అక్టోబరులో గ్రెనడా అనే చిన్న కరీబియన్ దీవి మీదికి సైన్యాన్ని పంపాడు. అదే నెలలో లెబనాన్ రాజధాని బేరూత్‌లో బాంబు పేలి 241 మంది అమెరికా సైనికులు చనిపోతే, కొన్ని నెలల్లో అక్కడినుంచి దళాల్ని వెనక్కి పిలిచేశాడు. ఆయన రక్షణమంత్రి వైన్‌బర్గర్ మరుసటి ఏడాది కొన్ని షరతులు పెట్టాడు: దేశానికి ప్రాణప్రదమైన అవసరం ఉండాలి, లక్ష్యం స్పష్టంగా ఉండాలి, జనం, కాంగ్రెస్ వెంట ఉండాలి, వేరే దారులన్నీ మూసుకుపోయాకే సైన్యం కదలాలి. 1987లో సోవియట్ నాయకుడు గోర్బచేవ్‌తో క్షిపణుల ఒప్పందం చేసుకున్నప్పుడు, రేగన్ మోసపోయాడని తిట్టినవాళ్లూ కన్సర్వేటివ్‌లే.

సోవియట్ యూనియన్ పోయాక గొడుగు చిరిగింది. 1991లో పెద్ద బుష్ కువైట్‌ని విడిపించాడు, నేల మీద నూరు గంటల పోరుతో సరిపెట్టి బాగ్దాద్ దాకా వెళ్లకుండా ఆగాడు. ఆ కాస్త యుద్ధమూ అక్కర్లేదన్నాడు పాట్ బుకానన్ అనే కన్సర్వేటివ్ వ్యాఖ్యాత, మరుసటి ఏడాది బుష్ మీదే పోటీ చేశాడు. అక్కడితో ఆగడం తప్పన్నారు నియోకన్సర్వేటివ్‌లు. వీళ్ల పెద్దలైన అర్వింగ్ క్రిస్టల్, నార్మన్ పొడోరెట్జ్ లాంటివాళ్లు ఒకప్పుడు వామపక్షంలో ఉండి కుడివైపుకి వచ్చినవాళ్లు. ఇప్పుడు అందరూ తిట్టేవాళ్లే గానీ, వాళ్ల వాదనని తేలిగ్గా తీసెయ్యకండి. నియంతల రాజ్యాలు ఇంట్లో ఎలా ఉంటాయో బయటా అలాగే ఉంటాయని, జర్మనీ, జపాన్ ఓటమి తర్వాత ప్రజాస్వామ్యాలు కాలేదా అని వాళ్లు అడిగారు. 1995లో బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో దాదాపు 8,000 మంది ముస్లిం మగవాళ్లని, పిల్లల్ని చంపేశారు. చేతిలో బలం పెట్టుకుని చూస్తూ ఊరుకోవడం కూడా ఒక నిర్ణయమేగా? దానికి నా దగ్గర సులువైన జవాబు లేదు.

ఇందులో పార్టీ పంతాలకీ వాటా ఉంది. 1999లో కొసోవో విషయంలో యుగోస్లావియా మీద బాంబులు వేయించింది క్లింటన్ కాబట్టి, చాలామంది రిపబ్లికన్లకి హఠాత్తుగా సంయమనం గుర్తొచ్చింది. ప్రతినిధుల సభలో ఆ దాడులకి మద్దతు తీర్మానం 213-213తో వీగిపోయింది. చిన్న బుష్ కూడా 2000 ఎన్నికల చర్చల్లో మనం అణకువగా ఉండాలన్నాడు, పరాయి దేశాల్ని నిర్మించే పని మన సైన్యానిది కాదన్నాడు. సెప్టెంబరు 11 తర్వాత అదంతా తలకిందులైంది.

2002 అక్టోబరులో ఇరాక్ మీద యుద్ధానికి అనుమతి ఓటుకొచ్చింది. సెనెట్‌లో కాదన్న రిపబ్లికన్ ఒక్కడే, లింకన్ చేఫీ. ప్రతినిధుల సభలో ఆరుగురు. వాళ్లలో మీ టెక్సస్‌కి చెందిన రాన్ పాల్, టెనెసీకి చెందిన జాన్ డంకన్ ఏ లెక్కన చూసినా గట్టి కన్సర్వేటివ్‌లు. అంతకు ముందే ఆగస్టులో, పెద్ద బుష్‌కి భద్రతా సలహాదారుగా చేసిన బ్రెంట్ స్కోక్రాఫ్ట్, సద్దాం మీదికి వెళ్లొద్దని పత్రికలో బహిరంగంగా రాశాడు. యుద్ధం వద్దన్న కన్సర్వేటివ్‌లని దేశభక్తి లేనివాళ్లని సాటి కన్సర్వేటివ్‌లే నిందించారు.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలి. వాల్టర్ జోన్స్, నార్త్ కరొలైనా ప్రతినిధి. ఆయన నియోజకవర్గంలో క్యాంప్ లెజూన్ అనే పెద్ద మెరీన్ స్థావరం ఉంది. ఇరాక్ యుద్ధానికి సరేనని ఓటేశాడు. ఫ్రాన్స్ కలిసిరాలేదన్న కోపంతో 2003లో కాంగ్రెస్ క్యాంటీన్లలో 'ఫ్రెంచ్ ఫ్రైస్' పేరు తీసేసి 'ఫ్రీడం ఫ్రైస్' అని పెట్టించిన ఇద్దరిలో ఆయనొకడు. తర్వాత తన ప్రాంతం మెరీన్ ఒకతని అంత్యక్రియలకి వెళ్లాడు. అక్కడ ఆ భార్యాపిల్లల్ని చూశాక ఆయన మునుపటి మనిషి కాలేదు. చనిపోయిన సైనికుల కుటుంబాలకి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టి, కొన్నేళ్లలో 11,000కి పైగా పంపాడు. వాషింగ్టన్‌లో తన ఆఫీసు బయట, క్యాంప్ లెజూన్ నుంచి వెళ్లి తిరిగిరాని వాళ్ల ఫోటోలు వరసగా పెట్టించాడు. ఆ ఉత్తరాలు తన ఓటుకి ప్రాయశ్చిత్తమని చెప్పుకున్నాడు. సొంత పార్టీ నాయకత్వం ఆయన్ని పక్కనపెట్టినా 2019లో పోయేదాకా ఆ మాట మీదే ఉన్నాడు. ఇరాక్‌లో దాదాపు 4,500 మంది అమెరికా సైనికులు చనిపోయారు. ఇరాకీలు అంతకి ఎన్నో రెట్లు. యుద్ధానికి ఓటేసిన వందలమందిలో ఇలా లెక్క అప్పజెప్పినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

2016 ఫిబ్రవరిలో, సైనిక కుటుంబాలు ఎక్కువగా ఉండే సౌత్ కరొలైనాలో జరిగిన రిపబ్లికన్ అభ్యర్థుల చర్చలో ట్రంప్ ఇరాక్ యుద్ధం పెద్ద తప్పని చిన్న బుష్ తమ్ముడు జెబ్ మొహం మీదే అన్నాడు. హాల్లో ఈలలేసి ఎగతాళి చేశారు. ఓట్లు మాత్రం ఆయనకే పడ్డాయి. యుద్ధానికి పిల్లల్ని పంపిన ఊళ్లకి ఆ మాట ముందే తెలుసు. మన పత్రికలు 'ఆంధ్రా అల్లుడు' అని మురిసిపోయిన, ట్రంప్‌కి ఉపాధ్యక్షుడైన వాన్స్ కూడా మెరీన్‌గా ఇరాక్ వెళ్లొచ్చినవాడే, ఆ భ్రమలు అక్కడే పోయాయనేవాడు. 2024 ఏప్రిల్‌లో ఉక్రెయిన్‌కి సుమారు 61 బిలియన్ డాలర్ల సాయం ప్రతినిధుల సభలో 311-112తో గెలిచింది. వ్యతిరేకించిన 112 మందీ రిపబ్లికన్లే, సరేనన్న రిపబ్లికన్లు 101 మంది. పార్టీ దాదాపు నడిమికి చీలింది. అప్పటికే ఎల్‌బ్రిడ్జ్ కోల్బీ లాంటి రక్షణ వ్యూహకర్తలు ఇంకో మాట అంటున్నారు: యుద్ధాలు వద్దని కాదు, ఉన్న బలమంతా చైనా వైపు తిప్పాలని. వాళ్లని శాంతికాముకులనుకుంటే పొరపాటు.

ఇక ఇరాన్. 2025 జూన్‌లో కన్సర్వేటివ్ వ్యాఖ్యాత టక్కర్ కార్ల్‌సన్ మీ టెక్సస్ సెనెటర్ టెడ్ క్రూజ్‌ని ఇంటర్వ్యూ చేస్తూ, ఇరాన్ జనాభా ఎంతని అడిగాడు. క్రూజ్ చెప్పలేకపోయాడు. ఇజ్రాయెల్‌ని దీవించినవాళ్లకి దీవెన దక్కుతుందన్న బైబిల్ మాటనే తన విధానానికి ఒక కారణంగా చెప్పాడు. కొన్ని రోజులకే అమెరికా బాంబర్లు ఫోర్డో, నతాంజ్, ఇస్ఫహాన్ అణు కేంద్రాల మీద దాడి చేశాయి. 'అమెరికా ఫస్ట్' అన్న తన నినాదానికి అర్థమేమిటో తేల్చేది తానేనని ట్రంప్ అంతకు ముందే అన్నాడు. మనం యుద్ధం చేస్తున్నది ఇరాన్‌తో కాదు, దాని అణు కార్యక్రమంతో అని వాన్స్ వివరించాడు. కెంటకీ రిపబ్లికన్ థామస్ మాసీ మాత్రం, డెమొక్రాట్ రో ఖన్నాతో కలిసి, కాంగ్రెస్ అనుమతి లేనిదే ఈ యుద్ధం కూడదని తీర్మానం పెట్టాడు.

అలాంటి తీర్మానమే జూన్ 27న సెనెట్‌లో ఓటుకొచ్చి 47-53తో ఓడిపోయింది. దాని వైపు నిలబడ్డ రిపబ్లికన్ ఒక్కడే, రాన్ పాల్ కొడుకు ర్యాండ్ పాల్. అధ్యక్షుడికి ఆ మాత్రం వెసులుబాటు ఉండాలని మిగతావాళ్లు అన్నారు. యుద్ధం ప్రకటించే అధికారం రాజ్యాంగం కాంగ్రెస్‌కి ఇచ్చిందని, ఆ అధికారాన్ని కాంగ్రెస్ చివరిసారి వాడింది 1942లో అని మీకు బడిలో చెప్పే ఉంటారు.

నువ్వెవరి వైపు తాతయ్యా అని అమ్మలు అడిగింది కదా. ఆ రోజు నాకు ఓటుంటే ఆ 47లోనే వేసేవాణ్ని. ఇరాన్ చేతికి అణుబాంబు రాకూడదన్నవాళ్ల భయం అబద్ధం కాదు. ఆ భయం అంత నిజమైతే సభలో లేచి నిలబడి, పేరు పెట్టి ఓటేసి, తర్వాత వచ్చే ఉత్తరాలకి జవాబివ్వడానికి సిద్ధపడాలి. మీకు వేరేలా తోస్తే కారణాలతో సహా నాకు రాయండి. తెలుగు అక్షరాల్లో తప్పులున్నా ఫరవాలేదు.

మీ అమ్మానాన్నలకి దీవెనలు చెప్పండి.

మీ తాతయ్య,
విశాఖపట్నం