చేతికొచ్చిన చిల్లర

పిల్లలూ,

మొన్న మీ క్లాసు అబ్బాయి గురించి మీరు మాట్లాడుకుంటుంటే విన్నాను. "చేతిలో డబ్బులు పడితే సాయంత్రానికల్లా ఖర్చు పెట్టేస్తాడు, వాడికి దాచుకోవడం తెలీదు" అన్నారు. అప్పుడే ఏదో అనబోయి ఊరుకున్నాను.

అమెరికాలో రోచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన ఒక ప్రయోగం 2013లో అచ్చయింది. 28 మంది పసిపిల్లలు, అందరూ మూడు నుంచి ఐదేళ్ల వాళ్లు. బొమ్మలేసుకోమని అరిగిపోయిన రంగు క్రేయాన్లు ఇచ్చి, "ఆగితే మంచివి తెస్తాను" అని చెప్పి వెళ్లారు. సగం మందికి నిజంగానే తెచ్చారు. మిగతా సగం దగ్గరికి ఉత్త చేతులతో వచ్చి, "అయ్యో, లేవమ్మా" అన్నారు. తర్వాత ఒక్కొక్కరి ముందూ ఒక మిఠాయి పెట్టి, తినకుండా పావుగంట కూర్చుంటే రెండోది ఇస్తామన్నారు. మాట దక్కినవాళ్లు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పడం చూసినవాళ్లు 3 నిమిషాలే!

అది చదివినప్పుడు నా రేకు డబ్బా గుర్తొచ్చింది. చిన్నప్పుడు అందులో చిల్లర దాచేదాన్ని. మూడుసార్లు నిండింది, మూడుసార్లూ అమ్మ తీసుకుంది. ఒకసారి తమ్ముడి మందులకి, ఒకసారి అద్దెకి, మూడోసారి దేనికో గుర్తులేదు. తిరిగి ఇస్తానంది. ఇవ్వాలనే అనుకుంది పాపం. ఆ తర్వాత నేను డబ్బా జోలికి పోలేదు. చేతికొచ్చిన చిల్లర ఆరోజే రిబ్బన్లకి పెట్టేసేదాన్ని. దుబారా పిల్ల అని పేరొచ్చింది. కానీ జడకున్న రిబ్బను ఎవరూ అడగరు కదా!

నెలనెలా జీతం వచ్చే ఇంట్లో "వచ్చే నెల" అంటే నిజంగా వచ్చే నెలే. మా ఇంట్లో అది నొప్పించకుండా లేదనడానికి వాడే మాట.

ఇంకొకటి. తమిళనాడులో 464 మంది చెరకు రైతులకి కోతకి ముందూ తర్వాతా తెలివికి సంబంధించిన పరీక్షలు పెట్టారు. కోతకి ముందు, చేతిలో డబ్బు ఆడని రోజుల్లో, అదే మనిషికి తక్కువ మార్కులు వచ్చాయి. తెలివి ఎక్కడికీ పోలేదు, అప్పుల లెక్కల్లో పడి ఉంది.

అలాగని లేమి అందరినీ ఒకేలా తయారుచేస్తుందని నేననను. మా తమ్ముడూ ఆ ఇంట్లోనే పెరిగాడు, వాడు రూపాయి రూపాయి కూడబెట్టాడు. ఇప్పటికీ బీరువా తాళంచెవి తలగడ కింద పెట్టుకునే పడుకుంటాడు. అదీ ఆ డబ్బా చేసిన పనేనని నా అనుమానం.

మీ అమ్మమ్మ