గుండెలో అమిలాయిడ్: స్కాన్ ఒక్కటే చాలదు

"పీవైపీ స్కాన్ పాజిటివ్ వచ్చింది కదా డాక్టర్‌గారూ, ఇంకా ఈ రక్తపరీక్షలెందుకు?" గుండె ఇమేజింగ్ చేసే నాకు ఈ ప్రశ్న తరచూ ఎదురవుతుంది. గుండెలో అమిలాయిడ్, అంటే ఆకారం చెడి పేరుకుపోయే ప్రోటీన్, ఉందేమో చూసేందుకు కొద్దిగా రేడియోధార్మిక మందు ఎక్కించి తీసేదే పీవైపీ స్కాన్. ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే.

అపోహ: స్కాన్‌లో గుండె మెరిస్తే అది టీటీఆర్ (ట్రాన్స్‌థైరెటిన్) రకం అమిలాయిడే.

వాస్తవం: కానక్కర్లేదు. గుండెలో పేరుకునేవి ముఖ్యంగా రెండు రకాలు. టీటీఆర్ కాలేయంలో తయారయ్యే ప్రోటీన్. రెండోదైన ఏఎల్ రకానికి మూలం ఎముక మజ్జలోని ప్లాస్మా కణాలు వదిలే లైట్ చైన్లనే ప్రోటీన్ ముక్కలు. ఏఎల్ ఉన్నవాళ్లలోనూ కొందరికి గుండె గ్రేడ్ 2 (పక్కటెముకలతో సమానంగా), గ్రేడ్ 3 (వాటికంటే ఎక్కువగా) వరకూ మెరుస్తుంది. టీటీఆర్‌కు టఫామిడిస్ లాంటి మందులున్నాయి. ఏఎల్‌కు అవి పనిచేయవు, కీమోథెరపీ కావాలి, అదీ వెంటనే. గుండె ఫెయిల్యూర్ మొదలయ్యాక చికిత్స అందకపోతే చాలామందికి మిగిలేది నెలలే.

అందుకే ప్లాస్మా కణాలు వదిలే అసహజ ప్రోటీన్‌ను పట్టే సీరమ్ ఫ్రీ లైట్ చైన్లు, రక్తంలో ఇమ్యునోఫిక్సేషన్, మూత్రంలో ఇమ్యునోఫిక్సేషన్ మూడు పరీక్షలూ చేయించాలి. ప్రోటీన్లను విడదీసి చూసే ఎలక్ట్రోఫోరెసిస్ ఒక్కటే చేసి వదిలేస్తే చాలదు. ఇవి మూడూ మామూలుగా ఉండి, స్పెక్ట్‌లో (అదే స్కాన్‌ను త్రీడీలో తీయడం) గుండె కండరమే గ్రేడ్ 2 లేదా 3గా మెరిస్తే సాధారణంగా బయాప్సీ అక్కర్లేదు. తేడా వచ్చినంత మాత్రాన ఏఎల్ అని హడలిపోకండి. వయసు వల్ల, కిడ్నీ సమస్య వల్ల కూడా తేడా రావచ్చు. తేల్చాల్సింది హెమటాలజిస్టు (రక్తవ్యాధుల డాక్టరు), అవసరమైతే బయాప్సీతో.

ఒకమ్మాయి తన తండ్రి రిపోర్టు పట్టుకొచ్చి, "గ్రేడ్ 2 అట, మందు ఎక్కడ దొరుకుతుందో చెప్పండి" అంది. అప్పటికే దానికోసం ఊరంతా తిరిగింది. లైట్ చైన్లు మాత్రం ఎవరూ చూడలేదు. చూస్తే లాంబ్డా (లైట్ చైన్లలో ఒక రకం) బాగా పెరిగి ఉంది, బయాప్సీలో ఏఎల్ అని తేలింది. ఆ అమ్మాయి టెన్షన్‌లో న్యాయం ఉంది. ఆమెకు సగం మాటే చెప్పి పంపినవాళ్ల మీదే నాకు కోపం.

అపోహ: స్కాన్ మళ్లీ మళ్లీ తీస్తే అమిలాయిడ్ తగ్గిందో లేదో తెలుస్తుంది.

వాస్తవం: గ్రేడ్ తగ్గినంత మాత్రాన అమిలాయిడ్ తగ్గినట్టు కాదు. టఫామిడిస్ కొత్తగా పేరుకోవడాన్ని నెమ్మదింపజేస్తుంది, ఉన్నదాన్ని కరిగించదు. ఎంత పేరుకుందో అంచనాకు ఎంఆర్‌ఐలో ఈసీవీ (గుండె కండరంలో కణాల బయట ఉన్న జాగా కొలత) మెరుగు. దానితోపాటు గుండె మీద ఒత్తిడిని చూపే రక్తపరీక్ష ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ, నడవగలిగే దూరం కూడా చూస్తాం.

అపోహ: ఈఎఫ్ (గుండె పంపింగ్ శాతం) బాగుంది, గుండెకేం కాలేదు.

వాస్తవం: గోడలు మందమై బిగుసుకుపోయినా ఈఎఫ్ మామూలుగానే ఉండొచ్చు. రెండు చేతులకూ కార్పల్ టన్నెల్ (మణికట్టులో నరం నొక్కుకుపోవడం) ఆపరేషన్ ఎప్పుడో జరిగి ఉంటే ఎకో చేసేవాళ్లకు తప్పక చెప్పండి. టీటీఆర్‌లో ఆ చేతి సమస్య గుండె జబ్బుకు ఏళ్ల ముందే కనబడుతుంది.