గాలి తగ్గినా వాన తగ్గదు

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. తుపాను బలహీనపడిందని వార్తల్లో వినగానే ‘హమ్మయ్య, గండం గడిచింది’ అనుకుంటాం. పెద్దవాళ్లమూ అలాగే అనుకుంటాం. దీవుల్లో ఉండేవాళ్లకు ఆ ధీమా ప్రాణాల మీదికి తెస్తుంది. ఎందుకో చెబుతాను.

2018 ఆగస్టులో లేన్ అనే హరికేన్ (అమెరికా వైపు సముద్రాల్లో బలమైన తుపానును అలా అంటారు) పసిఫిక్ మహాసముద్రం మీదుగా హవాయి దీవుల వైపు వచ్చింది. ఒక దశలో దాని గాలుల వేగం గంటకు 250 కిలోమీటర్లు దాటి, అన్నిటికన్నా తీవ్రమైన అయిదో కేటగిరీకి చేరింది. తర్వాత పై ఎత్తున వీచే బలమైన గాలులు దాని నిర్మాణాన్ని చెదరగొట్టాయి. రోజురోజుకూ నీరసించి, చివరికి హరికేన్ స్థాయి నుంచే దిగిపోయింది. దాని కేంద్రం హవాయి పెద్ద దీవిని తాకనే లేదు. అయినా ఆ కొద్ది రోజుల్లో అక్కడ ఒకచోట 147 సెంటీమీటర్ల వాన పడింది. హైదరాబాద్‌లో ఏడాది పొడవునా కురిసేది దాదాపు 80 సెంటీమీటర్లే!

కేటగిరీ అంకె గాలి వేగాన్ని బట్టి ఇచ్చేది. మేఘాల్లో ఎంత నీరుందో అది చెప్పదు. వెచ్చని సముద్రం నుంచి తుపాను పీల్చుకున్న తేమ, గాలి తగ్గినంత మాత్రాన ఎక్కడికీ పోదు. పైగా లేన్ చాలా నెమ్మదిగా కదిలింది. ఆ దీవిలో మౌనా కియా, మౌనా లోవా అనే అగ్నిపర్వతాలున్నాయి. రెండూ 4,000 మీటర్లు దాటినవే. సముద్రం మీది నుంచి వచ్చిన తేమగాలి వాటికి అడ్డుపడి పైకి లేస్తుంది. పైకి పోయినకొద్దీ చల్లబడి, గాలి వచ్చే వైపు వాలు మీదే కుండపోతగా కురుస్తుంది. హిలో పట్టణం సరిగ్గా ఆ వైపునే ఉంది. విచిత్రమేమిటంటే, అదే తుపాను సమయంలో పక్కనున్న మౌయి దీవిలో, కొండలకు అవతలి పొడి వైపున ఉన్న లహైనా దగ్గర ఈదురుగాలులకు కార్చిచ్చు చెలరేగింది.

మన గోదావరికి ఎగువన వాన పడితే భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. కోనసీమ లంక గ్రామాల వాళ్లకు సామాను సర్దుకుని గట్టుకు చేరే వ్యవధి దొరుకుతుంది. చిన్న దీవిలో ఆ వ్యవధి ఉండదు. కొండ మీద పడిన నీరు నాలుగడుగులు వేసినట్టు సముద్రంలోకి దూకుతుంది, దారిలో మట్టిని, రాళ్లను, ఇళ్లను లాక్కుపోతుంది.

కరీబియన్ సముద్రంలోని డొమినికా దీవిని తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. 2015 ఆగస్టులో అక్కడికి వచ్చిన ఎరికా అనే తుపాను ఏనాడూ హరికేన్ స్థాయికి చేరలేదు. అయినా కొన్ని గంటల్లోనే 30 సెంటీమీటర్లకు పైగా కురిసింది. వరదల్లో, విరిగిపడిన కొండచరియల కింద దాదాపు 30 మంది చనిపోయారు. పెటిట్ సవాన్ అనే గ్రామం వాళ్లు ఊరినే శాశ్వతంగా వదిలిపోవలసి వచ్చింది.

మనకూ ఇది కొత్త కాదు. 2020 అక్టోబరులో కాకినాడ దగ్గర తీరం దాటినది తుపాను కూడా కాదు, తీవ్ర వాయుగుండమే. హైదరాబాద్ కాలనీలు ఆ రాత్రే మునిగిపోయాయి.

అందుకే వార్తల్లో గాలి వేగంతో ఆగకండి. ఎంత వాన పడుతుందన్నారు, తుపాను కదులుతోందా, నిలిచిపోయిందా అన్నదీ చూడండి. వాన వెలిసిందని వాగు చూడటానికి మాత్రం వెళ్లకండి. పైన కురిసిన నీరు అప్పుడే దిగుతుంటుంది. నానిన కొండవాలు మరుసటి రోజు కూడా జారవచ్చు.

ప్రేమతో,
మీ తాతయ్య