చీకటిలో దిక్కు లెక్కగట్టే మెదడు

గోదావరి డెల్టాలో సార్వా కోతలు అయ్యాక, పనలు ఇంకా చేలోనే ఉండగా, ఎలుకలూ పందికొక్కులూ గట్లలోని బొరియల నుంచి బయటికి వస్తాయి. వాటికోసం రైతులు బుట్టలు పెట్టిస్తారు, మందు పెడతారు. రాత్రివేళ అదే పనిమీద తిరిగే పక్షి ఒకటుంది: పాడుబడ్డ మేడలలోనూ చెట్టు తొర్రలలోనూ కాపురముండే తెల్లముఖపు గుడ్లగూబ, ఇంగ్లీషులో బార్న్ ఔల్. ఇంటిమీద వాలితే అరిష్టమని మనం తరిమికొట్టే ఈ పక్షి, శబ్దం వచ్చిన దిక్కును మెదడు ఎలా పసిగడుతుందన్న ప్రశ్నకు, నాకు తెలిసినంతలో అత్యంత స్పష్టమైన సమాధానం ఇచ్చింది.

ఆ సమాధానాన్ని రాబట్టినవారు జీవశాస్త్రవేత్త మసకాజు కొనిషి. 1933లో జపానులోని క్యోటోలో నేతపనివారి ఇంట పుట్టి, హొక్కైడోలో చదువుకొని, అమెరికాలోని బర్క్‌లీలో 1963లో డాక్టరేటు పొందారు. పిల్లపిట్ట పెద్దవాటి పాట విని గుర్తుంచుకున్నా, తాను పాడటం మొదలుపెట్టకముందే వినికిడి పోతే ఆ పాట దానికి సరిగా రాదని 1965లో ఆయన చూపారు. గుర్తుంచుకోవడం ఒక్కటే చాలదని, తన గొంతును తాను విని సరిదిద్దుకోవాలని దీనివల్ల తెలిసింది. ఆ ఒక్క ఫలితంతోనే ఆయన పేరు నిలిచిపోయేది. అయినా ఆయన గుడ్లగూబ వైపు మళ్లారు.

గుడ్లగూబ చిమ్మచీకటిలో కేవలం చెవులతో ఎలుకను పట్టగలదని అంతకుముందే జీవశాస్త్రవేత్త రోజర్ పేన్ నిరూపించారు. నేలమీద గరగరలాడుతూ లాగిన కాగితపు ఉండ మీదికి కూడా అది దూకుతుంది కనుక వాసనకూ ఒంటి వేడికీ ఇందులో పాత్ర లేదు. అయితే అది దిక్కును ఎలా తెలుసుకుంటోంది? కంటి విషయంలో ఈ చిక్కు లేదు. ఎదుట ఉన్న దృశ్యం రెటీనా మీద ఎక్కడికక్కడ పడుతుంది. చెవిలోపలి కాక్లియా మాత్రం శబ్దాన్ని దాని స్థాయిని, అంటే కీచుగా ఉందా బొంగురుగా ఉందా అన్నదాన్ని, బట్టే విడదీస్తుంది, ఏ వైపు నుంచి వచ్చిందో దానిలో ఎక్కడా నమోదు కాదు. కాబట్టి దిక్కు అనేది చెవికి అందే సమాచారం కాదు, రెండు చెవులకూ అందినదాన్ని పోల్చి మెదడు కట్టే లెక్క.

ఆ లెక్కకు కావలసిన తేడాలు రెండు. కుడివైపు శబ్దం కుడి చెవికి ముందు చేరుతుంది. మనిషి విషయంలో ఈ వ్యవధి ఎంత ఎక్కువైనా సుమారు 700 మైక్రోసెకన్లు (మైక్రోసెకను అంటే సెకనులో పదిలక్షవ వంతు), చిన్న తలగల గుడ్లగూబకు 200 మైక్రోసెకన్లకు కాస్త అటూ ఇటూ. నాడీకణంలో ఒక్క విద్యుత్ స్పందనే దాదాపు 1000 మైక్రోసెకన్లు ఉంటుందని గుర్తుంచుకుంటే ఈ పనిలోని అద్భుతం అర్థమవుతుంది. రెండోది బిగ్గరతనంలోని తేడా. గుడ్లగూబ ఎడమ చెవి కిందినుంచి వచ్చే శబ్దాలకు, కుడి చెవి పైనుంచి వచ్చేవాటికి ఎక్కువ స్పందిస్తాయి. అందుకే కుడి చెవిని మూస్తే అది అసలు చోటుకన్నా కిందికి, కాస్త ఎడమకు గురిపెడుతుంది. కాలపు తేడా పక్కలను, బిగ్గరతనపు తేడా ఎత్తును చెబుతాయన్నమాట.

1975లో అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయానికి చేరిన కొనిషి, ఎరిక్ క్నుడ్సెన్‌తో కలిసి, ప్రతిధ్వని లేని గదిలో పక్షి చుట్టూ స్పీకరును జరుపుతూ మధ్యమెదడులోని కణాలను పరిశీలించారు. ఒక్కో కణం ఒక్కో దిక్కుకే పలికింది. పక్కపక్క కణాలు పక్కపక్క దిక్కులకు పలికాయి. చెవిలో లేని దిక్కుల పటాన్ని మెదడు తానే గీసుకుంటోందని 1978లో వారు ప్రకటించారు.

మైక్రోసెకన్లను మెదడు కొలిచే విధానాన్ని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లాయిడ్ జెఫ్రెస్ 1948లోనే ఊహించారు. కాలవగట్టు రెండు చివర్ల నుంచి ఇద్దరు ఒకే వేగంతో ఎదురెదురుగా నడిస్తే, వారు కలుసుకున్న చోటును బట్టి ఎవరు ముందు బయల్దేరారో, ఎంత ముందో చెప్పవచ్చు. రెండు చెవుల సంకేతాలూ ఒకేసారి చేరిన కణమే పలుకుతుందన్నది ఆయన ఊహ. దానికి సరిపోయే నాడీ అమరిక గుడ్లగూబ మెదడులో ఉందని కేథరిన్ కార్, కొనిషి దశాబ్దాల తర్వాత చూపించారు. మనలాంటి క్షీరదాలలో ఇదే అమరిక ఉందని చెప్పలేం. జెర్బిల్ అనే చిట్టెలుకలాంటి జంతువుపై జరిగిన పరిశోధనలు వేరే పద్ధతిని సూచించాయి. ప్రకృతి ఒకే లెక్కను రెండు దారుల్లో చేసి ఉండవచ్చు.

ఈ పటం పుట్టుకతో స్థిరపడిపోయేది కూడా కాదు. ఎనిమిది వారాలలోపు గుడ్లగూబ పిల్లల ఒక చెవిని మూసి ఉంచితే మొదట గురి తప్పినా, వారాలు గడిచేకొద్దీ సరిదిద్దుకున్నాయి. పెద్ద పక్షులకు అది సాధ్యం కాలేదని క్నుడ్సెన్ బృందం 1984లో చూపింది. మన ఊళ్లలో పిల్లల చెవి కారడాన్ని చాలామంది దానంతటదే తగ్గుతుందని వదిలేస్తారు. దానివల్ల ఒక చెవికి వినికిడి మందగించిన పిల్లవాడు మాటలు బాగానే వింటున్నట్టు కనిపిస్తాడు. వెనకనుంచి మోటారుసైకిలు హారన్ మోగితే మాత్రం ఏ పక్కకు తప్పుకోవాలో తేల్చుకోలేడు, గోలగా ఉన్న తరగతి గదిలో మేష్టారి మాటను వేరుచేసి పట్టుకోలేడు. పరీక్ష చేయించేటప్పుడు రెండు చెవులనూ విడివిడిగా చూడమని అడగవలసింది ఇందుకే.