పద్నాలుగు ప్లేట్లు తిన్నా తృప్తి లేకపోతే తప్పు మీ నాలుకది కాదు

పెద్ద పేరున్న రెస్టారెంట్‌లో టేస్టింగ్ మెనూ, అంటే చిన్న చిన్న వంటకాలు ఒకదాని తర్వాత ఒకటి వరసగా వచ్చే భోజనం, తిని వచ్చినవాళ్ళని ఎలా ఉందని అడగండి, చాలామంది ఒక్క క్షణం ఆగి "బానే ఉంది" అంటారు, ఆ బానే ఉందిలో ఎంత నీరసం ఉందో వినేవాళ్ళకి తెలిసిపోతూనే ఉంటుంది. ఎప్పుడో ముందే టేబుల్ బుక్ చేసుకుని, మూడు గంటలు కూర్చుని, పన్నెండో పద్నాలుగో ప్లేట్లు తిని, ఒక్క పూటకి అంత డబ్బు పెట్టి, చివరికి మనసులో ఏదో వెలితి. పైగా ఆ వెలితి గురించి నోరు తెరిస్తే పక్కన ఎవరో ఒకళ్ళు "అలాంటి ఫుడ్ అర్థం కావాలంటే టేస్ట్ ఉండాలి" అని తేల్చేస్తారు. ఆ మాట నాకు అస్సలు నచ్చదు. ఈ వెలితికి కారణాలు మెదడు పనిచేసే తీరులో ఉన్నాయి, కడుపు పనిచేసే తీరులో ఉన్నాయి, ప్లేటులో ముక్క చల్లారే తీరులో కూడా ఉన్నాయి, వీటి మీద గట్టి పరిశోధన జరిగింది, అది చదివితే ఆ మనిషికి టేస్ట్ లేదనే మాట ఎంత అన్యాయమో అర్థమవుతుంది.

ముందు మెదడు సంగతి. 1990లలో వొల్ఫ్రామ్ షుల్ట్స్ అనే న్యూరోసైంటిస్ట్ కోతుల మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలు ఎప్పుడు స్పందిస్తున్నాయో రికార్డు చేశాడు. కోతికి అనుకోకుండా ఒక చుక్క జ్యూస్ దొరికితే ఆ కణాలు ఒక్కసారిగా ఎగసిపడతాయి. కానీ జ్యూస్‌కి ముందు ప్రతిసారీ ఒక లైటో శబ్దమో వస్తుందని కోతికి అలవాటయ్యాక, ఆ ఎగసిపడటం లైటు దగ్గరకి జరిగిపోతుంది, తీరా జ్యూస్ వచ్చినప్పుడు కణాలు మామూలుగానే ఉంటాయి. లైటు వెలిగి జ్యూస్ రాకపోతే మాత్రం మామూలు స్థాయి కన్నా కిందికి పడిపోతాయి. అంటే ఆ కణాలు కొలిచేది ఎంత దొరికిందని కాదు, అనుకున్నదానికీ దొరికినదానికీ మధ్య తేడా ఎంత అని. డోపమైన్ అంటే ఆనందం అని చాలాచోట్ల రాసేస్తుంటారు, అది సరి కాదు, కోరుకోవడం వేరు, ఆస్వాదించడం వేరు అని కెంట్ బెరిడ్జ్ లాంటి న్యూరోసైంటిస్టులు చాలా ఏళ్ళుగా చూపిస్తూనే ఉన్నారు, డోపమైన్‌కి ఎక్కువ సంబంధం ఆ మొదటిదానితోనే. కానీ మన విషయానికి ఈ తేడాని కొలిచే పద్ధతి చాలు. టేబుల్ బుక్ అయిన రోజు, ఫోన్లో ఆ ప్లేట్ల ఫొటోలు చూసిన రోజులు, ఎవరో "జీవితంలో ఒక్కసారైనా తినాలి" అన్న మాట, ఇవన్నీ ఆ లైటు వెలగడం లాంటివే. అసలు ప్లేటు ముందుకి వచ్చేసరికి అది చాలా బాగున్నా కూడా అనుకున్నంతే కాబట్టి మెదడుకి అందులో కొత్త వార్త ఏమీ ఉండదు, కాస్త తగ్గితే మాత్రం ఆ తగ్గింది వెంటనే తెలుస్తుంది.

అయితే ఖరీదు రుచిని ఎప్పుడూ చెడగొడుతుందా అంటే కాదు, అసలు తమాషా ఇక్కడే ఉంది. 2008లో హిల్కె ప్లాస్‌మన్, ఆంటోనియో రాంగెల్ వాళ్ళ బృందం 20 మందిని మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి ట్యూబు ద్వారా వైన్ తాగించారు. ఐదు రకాల వైన్లని చెప్పారు, ఉన్నవి నిజానికి మూడే. 90 డాలర్ల వైన్‌ని ఒకసారి 90 అనీ ఇంకోసారి 10 అనీ చెప్పి ఇచ్చారు, 5 డాలర్ల దాన్ని ఒకసారి 5 అనీ ఇంకోసారి 45 అనీ చెప్పారు. ఎక్కువ ధర చెప్పినప్పుడు అదే వైన్ ఎక్కువ బాగుందన్నారు, అది మర్యాదకి అన్న మాట కూడా కాదు, నచ్చడాన్ని లెక్కగట్టే మీడియల్ ఆర్బిటోఫ్రాంటల్ కార్టెక్స్ అనే భాగంలో కూడా చురుకు పెరిగింది. తర్వాత ధరలు చెప్పకుండా రుచి చూపిస్తే ఆ తేడా మాయమైంది. అదే ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనంలో ఆరు వేలకి పైగా, ధర గానీ పేరు గానీ చెప్పకుండా చేసిన, బ్లైండ్ టేస్టింగ్‌లు లెక్కేస్తే, వైన్‌లో ప్రత్యేక శిక్షణ లేని మామూలు జనానికి ఖరీదైన వైన్ కొంచెం తక్కువే నచ్చినట్టు తేలింది.

మరి ధర రుచిని పెంచుతుంటే అంత బిల్లు కట్టినవాళ్ళకి ఆ విందు అద్భుతంగా అనిపించాలి కదా? దీనికి జవాబు ఒక ఐస్‌క్రీమ్ ప్రయోగంలో దొరుకుతుంది, నాకు ఈ మొత్తం సబ్జెక్ట్‌లో బాగా ఇష్టమైనది ఇదే. మార్టిన్ యోమన్స్ బృందం స్మోక్డ్ సాల్మన్ చేపతో ఐస్‌క్రీమ్ చేయించింది, పేపర్ రాసినవాళ్ళలో చెఫ్ హెస్టన్ బ్లూమెంతల్ కూడా ఉన్నాడు. చూడటానికి గులాబీ రంగులో చల్లగా, ఏదో పండు ఐస్‌క్రీమ్ అనిపించేలా ఉంటుంది. కొంతమందికి ఐస్‌క్రీమ్ అనే చెప్పి ఇచ్చారు, కొంతమందికి ఫ్రోజెన్ సేవరీ మూస్ (గడ్డకట్టించిన, తీపి కాని నురగ లాంటి వంటకం) అని చెప్పారు, ఇంకొంతమందికి ఫుడ్ 386 అని ఏ అర్థమూ లేని పేరు చెప్పారు. ఐస్‌క్రీమ్ అనుకుని నోట్లో పెట్టుకున్నవాళ్ళకి అది అస్సలు నచ్చలేదు, ఉప్పు కూడా మరీ ఎక్కువైనట్టు అనిపించింది. మిగతావాళ్ళకి అదే పదార్థం ఫర్వాలేదనిపించింది. సూత్రం ఏంటంటే, మనం ఊహించినదానికీ నోట్లో పడినదానికీ తేడా చిన్నదైతే మెదడు ఆ రుచిని ఊహ వైపుకి లాక్కుంటుంది, వైన్ విషయంలో జరిగింది అదే, ఒక వైన్‌కీ ఇంకో వైన్‌కీ మధ్య తేడా మామూలు మనిషికి పెద్దగా అందదు కాబట్టి ధర చెప్పిన మాటే గెలిచింది. తేడా మరీ పెద్దదైతే మాత్రం మెదడు రివర్స్‌లో పోయి ఉన్న తేడాని ఇంకా పెద్దది చేసి చూపిస్తుంది. టేస్టింగ్ మెనూలో తీపిగా కనపడేది పుల్లగా ఉండటం, మెత్తగా కనపడేది కరకరలాడటం, ఆశ్చర్యపరచడమే కళ అనుకునే పద్ధతి బాగా ఎక్కువ. ఒకటి రెండుసార్లు అది భలే సరదాగా ఉంటుంది, కానీ ప్రతి ప్లేటూ అలాగే వస్తుంటే, అదీ ఊహల్ని ఆకాశానికి ఎత్తేశాక వస్తుంటే, ఆ ఐస్‌క్రీమ్ అని చెప్పి ఇచ్చిన గ్రూపులో కూర్చోబెట్టినట్టే అవుతుంది మనల్ని.

ఇప్పుడు కడుపు. నిజం చెప్పాలంటే టేస్టింగ్ మెనూ వెనక ఉన్న ఆలోచన చాలా తెలివైనది. 1981లో బార్బరా రోల్స్, ఎడ్మండ్ రోల్స్ వాళ్ళు చూపించింది ఏంటంటే, ఒక పదార్థం తింటూ పోతే దాని మీద ఇష్టం తగ్గిపోతుంది కానీ ఇంకా ముట్టుకోని మిగతా పదార్థాల మీద ఇష్టం అంతగా తగ్గదు. దీన్నే సెన్సరీ స్పెసిఫిక్ సటైటీ అంటారు. భోజనం అయిపోయింది ఇంక వద్దు అన్న మనిషి స్వీటు కనపడగానే చెయ్యి చాపడం ఇందువల్లే. కాబట్టి రెండు ముద్దలతో ఒక ప్లేటు ముగించి వెంటనే ఇంకో రుచికి వెళ్ళిపోతే, ప్రతి ప్లేటూ మొదటి ముద్ద అంత బాగుండాలి, కాగితం మీద లెక్క సరిగ్గానే ఉంది. స్పెయిన్‌లో ఫెరాన్ అద్రియా అనే చెఫ్ నడిపిన ఎల్ బుయ్యి అనే రెస్టారెంట్లో 2011లో మూసేసే నాటికి ఒక్కో భోజనానికి ముప్పైకి పైగా చిన్న చిన్న వంటకాలు వచ్చేవి.

కానీ రకాలు మారితే తినేది కూడా పెరుగుతుంది, అదీ ఆ పరిశోధకులే చూపించారు, ఒకే పదార్థం నాలుగుసార్లు పెట్టినప్పటి కన్నా నాలుగు కోర్సులుగా వేరువేరు పదార్థాలు పెడితే జనం 60 శాతం ఎక్కువ తిన్నారు. అంటే నాలుక అలిసిపోకుండా చూసుకున్నాం కానీ కడుపు మాత్రం నిండిపోతూనే ఉంది. ఇక్కడ మిషెల్ కబనాక్ అనే ఫ్రెంచ్ ఫిజియాలజిస్ట్ 1971లో రాసిన విషయం గుర్తు చేసుకోవాలి. ఆకలితో ఉన్నవాళ్ళకి చక్కెర నీళ్ళు రుచి చూపిస్తే బాగున్నాయంటారు, అవే నీళ్ళు మింగుతూ పోతే కాసేపటికి అదే తీపి వెగటుగా మారిపోతుంది, మింగకుండా ఊసేసినవాళ్ళకి మాత్రం అలా మారదు. ఆ వెగటు పుట్టేది నాలుక మీద కాదు, లోపలికి వెళ్ళాక పేగుల నుంచీ రక్తం నుంచీ వచ్చే కబురు వల్ల. కడుపు సాగడం, సీసీకే, జీఎల్‌పీ-1, పీవైవై లాంటి, కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు విడుదలవ్వడం, ఇవన్నీ తినడం మొదలుపెట్టిన కాసేపటికే పని మొదలుపెడతాయి. మామూలు భోజనం అరగంటలో అయిపోతుంది కాబట్టి ఆ కబురు పూర్తిగా అందేలోపే మనం లేచిపోతాం. మూడు గంటల భోజనంలో అలా తప్పించుకునే దారి లేదు. చెఫ్ తన గొప్ప వంటకాన్ని, అన్నిటికన్నా ఖరీదైన ముక్కని, తొమ్మిదో పదో ప్లేటుగా పంపిస్తాడు, అప్పటికి తినేవాళ్ళ ఒంట్లో ఆకలి లేదు, ఆకలి లేని నోటికి ఎంత మంచి వంటైనా సగమే అందుతుంది. ఇది నాకు నిజంగా బాధనిపించే విషయం, అంత కష్టపడి వండిన మనిషికీ అంత ఆశగా వచ్చిన మనిషికీ ఇద్దరికీ నష్టమే.

దీనికి తోడు ఆ ముక్క సైజు. రెండు సెంటీమీటర్ల ఘనం లాంటి ముక్కని తీసుకోండి, దాని ఉపరితలం 24 చదరపు సెంటీమీటర్లు, ఘనపరిమాణం 8, అంటే ప్రతి ఘన సెంటీమీటరుకీ 3 చదరపు సెంటీమీటర్ల చర్మం ఉన్నట్టు. అదే ఎనిమిది సెంటీమీటర్ల పెద్ద ముక్కకి ఆ నిష్పత్తి 0.75 మాత్రమే. వేడి పోయేది ఉపరితలం నుంచే కాబట్టి చిన్న ముక్క చాలా తొందరగా చల్లారిపోతుంది, అదీ వెడల్పాటి బరువైన ప్లేటు మధ్యలో ఒంటరిగా పెడితే, ఆ ప్లేటు వెచ్చగా లేకపోతే, కింద నుంచి కూడా వేడిని లాగేస్తుంది. ఇంతలో వెయిటర్ వచ్చి అది ఏంటో ఎక్కడ పెరిగిందో ఎన్ని గంటలు ఉడికిందో వివరంగా చెప్తాడు, మర్యాద కాబట్టి స్పూన్ పట్టుకుని వింటాం, తర్వాత ఒకళ్ళు ఫొటో తీస్తారు, అప్పటికి సాస్ అంచుల్లో సన్నగా మీగడలాంటి పొర కట్టి ఉంటుంది, కొవ్వు గట్టిపడటం మొదలై ఉంటుంది. వేడి తగ్గితే వాసన అణువులు గాల్లోకి లేవడం తగ్గుతుంది, మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం నోటి వెనక నుంచి ముక్కులోకి వెళ్ళే వాసనే. నాలుక కణాల్లో కూడా టీఆర్‌పీఎమ్5 అనే చానల్, అంటే కణం గోడలోని ఒక సన్నని దారి, ఉంది, తీపి లాంటి రుచుల్ని మోసేది అదే, 15 డిగ్రీల నుంచి 35 డిగ్రీల మధ్య వేడి పెరిగేకొద్దీ దాని స్పందన బాగా పెరుగుతుందని 2005లో తేలింది. కరిగిన ఐస్‌క్రీమ్ గడ్డకట్టినదాని కన్నా తియ్యగా అనిపించడం అందుకే.

జ్ఞాపకం సంగతి కూడా కొంచెం. 1993లో డేనియల్ కానెమన్ అనే సైకాలజిస్ట్ వాళ్ళు జనం చేతిని 14 డిగ్రీల చల్లటి నీళ్ళలో 60 సెకన్లు పెట్టించారు, ఇంకోసారి అదే 60 సెకన్లు పెట్టించి పైన ఇంకో 30 సెకన్ల పాటు నీళ్ళని నెమ్మదిగా 15 డిగ్రీలకి పెంచారు. మళ్ళీ ఏది చేస్తారంటే దాదాపు 70 శాతం మంది ఆ పొడుగుదాన్నే ఎంచుకున్నారు, ఎందుకంటే దాని ముగింపు కాస్త నయం. ఒక అనుభవాన్ని మనం గుర్తు పెట్టుకునేది దాని శిఖరాన్నీ చివరినీ బట్టి, ఎంతసేపు సాగిందన్నది పెద్దగా లెక్కలోకి రాదు. పద్నాలుగు ప్లేట్లూ పదికి ఏడు మార్కుల చొప్పున ఉంటే అందులో శిఖరం అనేది లేదు, ముగింపేమో కడుపు బరువుగా ఉన్నప్పుడు వచ్చిన మూడో స్వీటు, ఆ తర్వాత బిల్లు.

ఇంకో విషయం నా అభిప్రాయంగానే చెప్తాను, కానీ దానికి ఆధారం ఉంది. కొత్త రుచి మీద ఇష్టం ఒక్కసారికి పుట్టదు. 1982లో లియన్ బర్చ్ అనే పరిశోధకురాలు రెండేళ్ళ పిల్లలకి కొత్త పదార్థాలు పదేపదే రుచి చూపించింది, ఎన్ని ఎక్కువసార్లు రుచి చూస్తే అంత ఎక్కువ ఇష్టపడ్డారు. పెద్దవాళ్ళలో కూడా కొత్త రుచి ఎదురైనప్పుడు మొదటి ముద్ద అదేంటో గుర్తుపట్టడానికే పోతుంది అని నా నమ్మకం, రెండో ముద్దకి కాస్త పరిచయం అవుతుంది, మూడో ముద్దకి అసలు ఆస్వాదన మొదలవ్వాలి, కానీ మూడో ముద్ద ప్లేటులో లేదు. వెంటనే ఇంకో అపరిచిత రుచి వచ్చేస్తుంది. మూడు గంటల్లో పద్నాలుగుమంది కొత్తవాళ్ళని కలిసి ఎవరితోనూ రెండు నిమిషాలు మించి మాట్లాడకపోవడం లాంటిది ఇది.

అందుకే నేనైతే ఆరేడు ప్లేట్లతో ఆగే మెనూలనే ఇష్టపడతాను, వీలైతే వెళ్ళేముందు ఫొటోలు చూడను, వెయిటర్ చెప్పేది తింటూనే వింటాను, అలా వినడంలో అమర్యాద ఏమీ లేదు, వంట వేడిగా తినడం కన్నా చెఫ్‌కి ఇచ్చే గౌరవం ఏముంటుంది. మొదట్లో వచ్చిన ఏదో ఒక ప్లేటు మనసుకి బాగా పట్టేస్తే, చివర్లో రెండు స్వీట్ల బదులు అదే ఇంకోసారి ఇస్తారా అని అడగడంలో కూడా మొహమాటం అక్కర్లేదు, వంటగదిలో వీలుంటే ఇస్తారు, రెండోసారి ఆ రుచి కొత్తగా అనిపించదు కాబట్టి ఈసారి దాన్ని గుర్తుపట్టే పని లేకుండా నేరుగా తినొచ్చు.