గ్రాహకమే తెగి కేంద్రకానికి చేరితే

హార్మోను కణంలోకి అడుగుపెట్టకుండానే కేంద్రకంలోని జన్యువు ఎలా పనిలోకి దిగుతుందని జీవశాస్త్ర విద్యార్థులు తరచుగా అడుగుతారు. పాఠ్యపుస్తకాలు దీనికి బాణపు గుర్తుల వరుసతో జవాబిస్తాయి: కణపొర మీద సంకేతాన్ని అందుకునే ప్రోటీను, అంటే గ్రాహకం, ఒక ఎంజైమును, అది ఇంకొకదానిని ఉత్తేజపరుస్తుంది, ఆఖరున ఫాస్ఫేటు తగిలిన ప్రోటీను ఏదో కేంద్రకంలోకి వెళ్తుంది. చాలా గ్రాహకాల పద్ధతి ఇదే. అయితే ఈ మధ్యవర్తులెవరూ అక్కరలేని గ్రాహకం ఒకటుంది, దాని పేరు నాచ్. పాఠం దానితోనే మొదలు కావాలని నా గట్టి అభిప్రాయం.

1910ల దశకంలో థామస్ హంట్ మోర్గాన్, ఆయన సహచరులు పండ్ల ఈగలను పరిశీలిస్తున్నప్పుడు కొన్ని ఆడ ఈగల రెక్కల అంచులు కొరికినట్టు నొక్కులు పడి కనిపించాయి. ఎక్స్ క్రోమోజోము మీది నాచ్ జన్యువుకు ఆడ ఈగలో ఉన్న రెండు ప్రతులలో ఒక్కటి పాడైనా రెక్క అలా తయారవుతుంది. మగ ఈగకు ఉన్నదే ఒక్క ప్రతి కనుక, అది పాడైతే పిండదశలోనే చనిపోతుంది. రెండింటిలో ఒకటి బాగానే ఉన్నా ఎందుకు చాలడం లేదన్న ప్రశ్నకు జవాబు ఈ గ్రాహకం పనిచేసే తీరులోనే ఉంది.

నాచ్ ప్రోటీను కణపొరను దూసుకొని ఉంటుంది. దానిని తాకే డెల్టా ప్రోటీను కూడా పక్క కణపు పొరలోనే పాతుకొని ఉంటుంది. రెండూ అతుక్కున్న తరువాత పక్క కణం తన డెల్టాను లోపలికి గుంజుకుంటుంది. కొన్ని పికోన్యూటన్ల (న్యూటనులో లక్ష కోట్లవ వంతు) ఆ లాగుడుకు, నాచ్‌లో కణపొర దగ్గర ముడుచుకొని ఉన్న భాగం విచ్చుకుంటుంది. పశువు పలుపుకు వేసిన జారుముడి పైపైన తడిమితే విడదు, కొస పట్టి లాగితేనే విడుతుంది. లాగాలంటే అవతల కాలూనుకొని నిలబడినవారు ఉండాలి. ద్రవంలో తేలుతూ వచ్చిన డెల్టా ముక్క సాధారణంగా నాచ్‌ను మేల్కొల్పలేకపోవడానికి కారణం ఇదే.

ముడి విడగానే, అంతవరకు దాగి ఉన్న చోట ఆడమ్10 అనే ఎంజైము బయటి భాగాన్ని కోస్తుంది. మిగిలిన మొండిని గామా సెక్రెటేజ్ అనే మరో ఎంజైము ఏకంగా కణపొర మందంలోనే కోస్తుంది. ప్రోటీను బంధం తెగాలంటే నీటి అణువు కావాలి, కణపొర నడుమ ఉన్నదేమో కొవ్వు. ఆ ఎంజైములోని ప్రెసెనిలిన్ అనే భాగం తనలోని రెండు ఆస్పార్టిక్ ఆమ్లాల సాయంతో అక్కడ కూడా నీటితో బంధాన్ని తెగగొట్టగలగడం నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది.

అలా తెగిన లోపలి ముక్క నేరుగా కేంద్రకానికి చేరుతుంది. అక్కడ డీఎన్ఏ మీద సి.ఎస్.ఎల్. అనే ప్రోటీను, జన్యువులను అణచి ఉంచే తోడు ప్రోటీన్లతో కలిసి పనిచేస్తుంటుంది. నాచ్ ముక్క వాటి స్థానాన్ని ఆక్రమించి, మాస్టర్‌మైండ్ అనే ప్రోటీనును, దాని ద్వారా పి300 ఎంజైమును రప్పిస్తుంది. డీఎన్ఏ చుట్టుకొని ఉండే హిస్టోన్ ప్రోటీన్లకు పి300 ఎసిటైల్ అనే రసాయన గుంపులు తగిలించగా డీఎన్ఏ చుట్టలు సడలి, హెస్ వంటి జన్యువులు పనిచేయసాగుతాయి. పని కాగానే ముక్కకు ఫాస్ఫేట్లు తగిలి, అది నాశనమవుతుంది.

ఒకసారి తెగిన గ్రాహకం మళ్ళీ పనికిరాదు. ఒక హార్మోను అణువు వేల అణువులను కదిలించినట్టుగా ఇక్కడ సంకేతం పెరిగే దారి లేదు. ఎన్ని గ్రాహకాలు తెగితే అన్ని ముక్కలే కేంద్రకానికి అందుతాయి. అందుకే జన్యువు ప్రతి ఒకటి తగ్గినా రెక్క నొక్కుపడుతుంది. ఇటువంటి లెక్క ఇరుగుపొరుగు కణాలు పాత్రలు పంచుకోవడానికి బాగా నప్పుతుంది: డెల్టా కాస్త ఎక్కువగా ఉన్న కణం పక్కదానిలో నాచ్‌ను మేల్కొలిపి, దాని డెల్టాను తగ్గిస్తుంది. తేడా అలా పెరుగుతూ పోయి, మన లోపలి చెవిలో ధ్వనిని పట్టే రోమకణాల మధ్య ఆధారకణాలు ఒక క్రమంలో అమరుతాయి.

అల్జీమర్స్ వ్యాధిలో మెదడులో పేరుకొనే అమిలాయిడ్ అనే ప్రోటీను ముక్కలను తయారుచేసేది కూడా గామా సెక్రెటేజే. దానిని ఆపే సెమగసెస్టాట్ మందు పరీక్షలను 2010లో నిలిపివేశారు. రోగుల మేధాశక్తి మెరుగుపడకపోగా క్షీణించింది, చర్మ క్యాన్సర్లు కూడా ఎక్కువయ్యాయి. ఆ ఎంజైము ఆగితే నాచ్ కూడా తెగదు, చర్మంలోనేమో నాచ్ క్యాన్సరును అణచి ఉంచుతుంది. అదే ఎంజైమును ఆపే నిరోగసెస్టాట్‌కు మాత్రం బంధన కణజాలంలో పెరిగే డెస్మాయిడ్ కణుతుల చికిత్సకై 2023లో అమెరికాలో అనుమతి లభించింది. దానిని వాడే స్త్రీలలో అండాశయాల పనితీరు దెబ్బతినవచ్చన్న హెచ్చరిక ఆ మందుతోపాటే ఉంది.